దక్షిణ లెబనాన్‌లో నా మొదటి పన్నెండు రోజులు

ఇంటికొచ్చి తొమ్మిది రోజులైంది. నల్ల పెట్టె ఇంకా పూర్తిగా సర్దలేదు. అడుగున పెట్టిన జాతర్ అనే అక్కడి పొడి పొట్లం వాసన బట్టలన్నిటికీ పట్టేసింది. మా అమ్మాయి స్వాతి ఆ బట్టలు వాసన చూస్తూ "నాన్నా, అక్కడ ఎలా ఉంటుంది?" అని అడిగితే ఏడాది మొత్తం ఒక్కసారి చెప్పడం నా వల్ల కాలేదు. తర్వాతి నెలలన్నీ డ్యూటీలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి గానీ మొదటి రోజులు మాత్రం గంటగంటా గుర్తున్నాయి, అవి కూడా మసకబారక ముందే రాసుకుంటున్నాను.

నేను ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లో నాయక్‌ని, ఎంటీ (వాహనాల) ప్లటూన్‌లో డ్రైవర్‌ని. పదకొండేళ్ల సర్వీసులో ఎడారి చూశాను, మంచు చూశాను. దేశం దాటడం మాత్రం ఇదే మొదటిసారి, అదీ ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో ఏడాది డ్యూటీకి.

నవంబర్ 4, 2016, శుక్రవారం: బీరూట్ నుంచి ఎబెల్ ఎస్ సాకీ

విమానాశ్రయం బయటకు వచ్చాక అందరం నీలం బెరేలు సరిచేసుకుని తెల్ల బస్సెక్కాం. డ్రైవర్‌ని కదా, కిటికీ బయట కన్నా ముందు రోడ్డు మీదకే పోయింది నా చూపు. బండి కుడివైపున పోతోంది, స్టీరింగ్ ఎడమవైపు ఉంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నా కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది.

కుడిచేతి పక్క సముద్రం, ఎడమచేతి పక్క కొండలు, మధ్యలో దామూర్ దగ్గర అరటితోటలు. అరటితోట చూడగానే బస్సులో ఉన్న దక్షిణాది వాళ్లం అందరం ఒక్కసారే అటు తిరిగాం. సైదా దాటాక సముద్రాన్ని వదిలి నబతియే మీదుగా కొండల్లోకి ఎక్కాం. అక్కడి నుంచి కరెంటు స్తంభాలకు కుర్రాళ్ల ఫొటోలు మొదలయ్యాయి, ఒక్కో స్తంభానికి ఒక్కో ముఖం. ఎన్నికల పోస్టర్లేమో అనుకున్నాను. అవి యుద్ధాల్లో చనిపోయిన వాళ్ల ఫొటోలని ముందు సీట్లో ఉన్న సుబేదార్ సాబ్ చెప్పారు. ఆ తర్వాత చాలాసేపు బస్సులో ఎవరం మాట్లాడలేదు.

ఖర్దలీ దగ్గర లితానీ నది దాటాం. శిక్షణలో మ్యాపు మీద ఎన్నిసార్లు వేలు పెట్టి చూపించారో ఆ పేరు! ఎంత పెద్ద నదో అనుకుంటే తీరా చూస్తే పంటకాలువంత ఉంది. పైన కొండ కొమ్మున బ్యూఫోర్ట్ కోట, దాని కింద లోయ, అడుగున ఆ సన్నటి నీళ్లు. ఆ నీళ్లు దాటితే మా పని మొదలు. 1978లో ఐక్యరాజ్యసమితి ఈ దళాన్ని పెట్టినప్పటి నుంచి మూడు వందల మందికి పైగా శాంతి సైనికులు ఇక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. మన దేశపు బెటాలియన్ 1998లో వచ్చింది.

మర్జాయూన్ వైపు ఎక్కేసరికి దృశ్యం మారిపోయింది. ఇళ్ల మీద నారింజ రంగు జెండాలు, కార్లు హారన్లు కొడుతున్నాయి. దేశానికి రెండున్నరేళ్లుగా అధ్యక్షుడు లేడట, నాలుగు రోజుల కిందటే, అక్టోబర్ 31న, మిషెల్ ఔన్‌ని ఎన్నుకున్నారట. అధ్యక్షుడు లేకుండా ఒక దేశం రెండున్నరేళ్లు నడిచిందన్న మాట నాకు ఆ రోజంతా మింగుడుపడలేదు.

ఎబెల్ ఎస్ సాకీ ఊళ్లోని మా క్యాంపు చేరేసరికి సాయంత్రం. మాకు బండ్లు అప్పజెప్పి వెళ్లిపోవలసిన పాత బ్యాచ్‌లో ఒక తెలుగు హవల్దార్ ఉన్నాడు. నా నేమ్‌ప్లేట్ చదివి "ఏం తమ్ముడూ, అన్నం తిన్నావా?" అన్నాడు. లంగర్‌లో పప్పు, అన్నం, పచ్చిమిరపకాయ. తింటుంటే ఎదురుగా కూర్చుని మూడు ముక్కలు చెప్పాడు. ఊళ్లో కెమెరా గానీ ఫోన్ గానీ బయటికి తీయకు. ఎవరైనా కాఫీ ఇస్తే కాదనకు. ఎవరు ఎదురైనా కుడిచెయ్యి గుండె మీద పెట్టి "యాతీక్ లాఫ్యే" అను.

"అంటే ఏంటన్నా?"

"పనిలో ఉన్నవాడితో అనే మాట. దేవుడు నీకు ఓపికనివ్వాలి అని. వాళ్లు అల్లా యాఫీక్ అంటారు. అన్నారంటే నీ దారి నీది."

నవంబర్ 5: క్యాంపు

తెల్లారి లేచి బయటికొస్తే తూర్పున పెద్ద కొండ. హెర్మోన్. ఇక్కడివాళ్లు జబల్ అల్ షేక్ అంటారు, 2,814 మీటర్లు. ఇంకా మంచు పడలేదు, బోడిగా ఉంది. ఎదురు గుట్ట మీద ఖియామ్ ఊరు. చుట్టూ ఆలివ్ తోటలు. ఒక చెట్టు నుంచి కాయ తెంపి కొరికాను, వేపగింజ కన్నా చేదు! పచ్చికాయ ఎవరూ తినరని, ఉప్పునీళ్లలో వారాల తరబడి నానబెడితే గానీ చేదు దిగదని అన్న అప్పుడు చెప్పాడు.

పదింటికి సైరన్ మోగింది. డ్రిల్లే, కానీ ఆ మాట మాకు చెప్పలేదు. హెల్మెట్, జాకెట్ వేసుకుని షెల్టర్‌లోకి పరిగెత్తాం. లోపల తేమ వాసన, గోడల మీద పెన్నుతో రాసిన పేర్లు, తేదీలు, ఒకచోట ఎవరో ఇంటికి వెళ్లేదాకా రోజులు గీతలు గీసుకున్నాడు, నూట పన్నెండు దగ్గర ఆపేశాడు. ఎందుకు ఆపేశాడో అని చాలా రోజులు ఆలోచించాను.

రాత్రి వాచ్‌టవర్ దగ్గర నిలబడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. దక్షిణాన, గీతకు అవతల, ఇజ్రాయెల్ వైపు మెటులా ఊరి దీపాలు బారులు తీరి వెలుగుతున్నాయి. ఇవతల ఊళ్లలో కరెంటు పోగానే జనరేటర్లు ఒక్కొక్కటే మోగడం మొదలుపెడతాయి, ఇక్కడొక దీపం అక్కడొక దీపం. ప్రభుత్వ కరెంటుకు ఒక బిల్లు, జనరేటర్ యజమానికి ఇంకో బిల్లు, ప్రతి ఇల్లూ రెండూ కడుతుందట.

నవంబర్ 6, ఆదివారం: రొట్టెల దుకాణం

నలుగురం కలిసి ఊళ్లో బేకరీకి వెళ్లాం. మనూషే అని ఒక రొట్టె. పిండిని పలచగా ఒత్తి, పైన జాతర్ పొడిలో ఆలివ్ నూనె కలిపి పూసి కొలిమిలాంటి పొయ్యిలోకి తోస్తారు. జాతర్ అంటే వాము వాసన వచ్చే ఒక ఆకు, నువ్వులు, పుల్లటి సుమాక్ కలిపిన పొడి. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే పొడిలో నూనె వేసుకుని తిన్నట్టే అనిపించింది. పొడి, నూనె, వేడివేడి రొట్టె. ఇంత దూరం వచ్చి తెలిసిన రుచి తగలడం ఎంత ధైర్యమో పరాయి దేశం వెళ్లినవాళ్లకే తెలుస్తుంది.

అప్పట్లో, 2016లో, ధర 1500 లీరాలు, అంటే దాదాపు ఒక డాలర్. లీరా ఇచ్చినా డాలర్ ఇచ్చినా తీసుకునేవాళ్లు, రెండూ కలిపి ఇచ్చినా చిల్లర రెండింట్లో వచ్చేది. ఐక్యరాజ్యసమితి ప్రతి సైనికుడికి చేతిఖర్చుకని రోజుకు 1.28 డాలర్లు ఇస్తుంది. రోజుకో మనూషే, పైన కాస్త మిగులు అని లెక్క వేసుకున్నాను.

దుకాణం పెద్దాయన ముసలాయన, చేతులకు ఎప్పుడూ పిండే. గల్లాపెట్టె మీద అద్దం, దాని కింద రకరకాల దేశాల నోట్లు. ఇక్కడ పనిచేసి వెళ్లిన సైనికులు ఇచ్చినవట. నేపాల్‌ది ఉంది, ఇండోనేషియాది ఉంది, స్పెయిన్‌వాళ్ల ఐదు యూరోల నోటు ఉంది. "హింద్?" అని ఖాళీ జాగా చూపించాడు. జేబులో పది నోటు, ఐదువందల నోటు ఉన్నాయి. ఐదువందలంటే ఏడు డాలర్ల పైమాటే. పది నోటు తీసిచ్చాను. సంతోషంగానే తీసుకున్నాడు గానీ నాకే ఏదోలా ఉంది.

నా పిల్లల పేర్లు అడిగాడు. ఇక్కడ మగవాణ్ణి పెద్ద కొడుకు పేరుతో పిలుస్తారు, అబూ ఫలానా అని, ఫలానావాడి నాన్న అని. ఒక్కతే కూతురు, స్వాతి అన్నాను. ఓ క్షణం ఆలోచించి "అబూ స్వాతి!" అన్నాడు. ఆ రోజు నుంచి ఆ బజార్లో నా పేరు అదే.

నవంబర్ 7: డ్రైవింగ్ పరీక్ష

మన దేశంలో ఎన్ని లక్షల కిలోమీటర్లు తోలినా సరే, యూఎన్ పరీక్ష పాసైతే గానీ తెల్లబండి తాళం ఇవ్వరు. మొదటి మలుపులోనే చెయ్యి అలవాటుగా ఎడమ లేన్‌లోకి లాగింది. పక్కన కూర్చున్న ఆయన ఏమీ అనకుండా స్టీరింగ్ మీద వేలితో కుడివైపుకు చూపించాడు. రౌండబౌట్‌ని అపసవ్య దిశలో చుట్టాలి, అదొక్కటే కష్టం. పాసయ్యాను. వంపుల రోడ్లంటావా, అవి మన కొండరోడ్లతో పోలిస్తే పెద్ద లెక్క కాదు. ఇక్కడి కుర్రాళ్లు ఆ వంపుల్లో ఓవర్‌టేక్ చేసే తీరే గుండెలు జారుస్తుంది.

నవంబర్ 8: నోట్లు

సాయంత్రం నాలుగున్నరకి టీ తాగుతున్నాం. ఇంటి దగ్గర రాత్రి ఎనిమిది, ఇక్కడికి మూడున్నర గంటల తేడా. ఎవరిదో ఫోన్ మోగింది, తర్వాత ఇంకొకరిది, పది నిమిషాల్లో క్యాంపంతా ఒకటే మాట. ఐదువందలు, వెయ్యి నోట్లు అర్ధరాత్రి నుంచి చెల్లవు.

నా పెట్టె మూత జేబులో ఆరు ఐదువందలు, రెండు వేలు, మొత్తం ఐదువేలు ఉన్నాయి. దిగగానే పనికొస్తాయని అట్టేపెట్టుకున్న డబ్బు. మా ఆవిడకు ఫోన్ చేస్తే ముందు కాసేపు మాట్లాడలేదు, తర్వాత నెమ్మదిగా "ఏవండీ, పోపులడబ్బాలో పద్నాలుగు వేలున్నాయి" అంది. ఎనిమిదేళ్ల కాపురంలో ఆ డబ్బు సంగతి నాకు తెలియడం అదే మొదటిసారి. అన్నీ వెయ్యి నోట్లేనట. బ్యాంకులో వేసెయ్ అని చెప్పాను. రెండు రోజుల తర్వాత బ్యాంకులు తెరిచాక పాపని చంకనేసుకుని పొద్దుట్నించీ లైన్లో నిలబడింది. ఇక్కడ నేను జాకెట్ వేసుకుని ఎవరికో కాపలా కాస్తున్నాను, అక్కడ తను ఒక్కతే లైన్లో ఉంది. ఆ రెండు రోజులు నాకు అన్నం సరిగ్గా పోలేదు. బరాక్‌లో ఎవరి ముఖం చూసినా అదే టెన్షన్.

నవంబర్ 10: తప్పిన దారి

గస్తీలో ముందు ఒక బండి, వెనక నా బండి. ఒక ఊరి బజార్లో కూరగాయల వ్యాన్ అడ్డం వచ్చి ముందు బండి కనిపించకుండా పోయింది. కుడికి తిరిగి ఉంటుందని తిరిగాను. సందు సన్నబడి సన్నబడి ఒక ఆలివ్ తోట ముంగిట ఆగిపోయింది. వెనక్కి తీద్దామనుకునేలోపు స్కూటర్ మీద ఇద్దరు కుర్రాళ్లు వచ్చి అడ్డంగా నిలబడ్డారు, వాళ్ల వెనక ఇంకో నలుగురు.

డ్యాష్‌బోర్డు మీద మా ఉస్తాద్ (పక్క సీట్లోని సీనియర్) ఫోన్ నిలబెట్టి ఉంది, కెమెరా బయటికి చూస్తూ. అదే వాళ్ల కంట్లో పడింది. వేలు చూపిస్తూ గట్టిగా ఏదో అడుగుతున్నారు. అర్థం కాకపోయినా అర్థమైంది. ఈ ఊళ్లు ఎన్నిసార్లు బాంబులు తిన్నాయో, తమ ఇంటి ఫొటో ఎవరి చేతికి పోతుందోనని వాళ్లకు ఎందుకంత భయమో ఆలోచిస్తే కోపం రాదు. కానీ ఆ నిమిషంలో నా అరచేతులు స్టీరింగ్ మీద తడిసిపోయాయి. శిక్షణలో ఎదుటివాడు శత్రువు అయితే ఏం చేయాలో ఏళ్ల తరబడి నేర్పారు. ఇక్కడ ఎదుటివాడు శత్రువు కాడు, నేనే వాడి వాకిట్లోకి చెప్పకుండా వచ్చాను.

ఉస్తాద్ ఫోన్ తీసి తలకిందులుగా ఒళ్లో పెట్టుకున్నాడు. నేను అద్దం దించి గుండె మీద చెయ్యి పెట్టి "యాతీక్ లాఫ్యే" అన్నాను. గొంతు వణికింది. ఒక కుర్రాడి ముఖం కాస్త సడలింది గానీ జవాబు రాలేదు.

జవాబు తోటలోంచి వచ్చింది. చెట్టు కింద పట్టా పరిచి కాయలు ఏరుతున్న ముసలమ్మ లేచి వచ్చి, ముందు ఆ కుర్రాళ్లను గదిమి, తర్వాత మమ్మల్ని దిగమని సైగ చేసింది. నిచ్చెనల మీద కొడుకులు, కోడళ్లు, కింద మనవలు, ఇంటిల్లిపాదీ కాయలు దులుపుతున్నారు. ఏలకులు వేసిన కాఫీ, పిడిలేని చిన్న కప్పుల్లో, అడుగున మట్టిలా మడ్డి. నిలబడే తాగాం. కప్పు తిరిగి ఇచ్చేటప్పుడు ఏదో అనాలని ఆ స్కూటర్ కుర్రాడే నేర్పించాడు: "దాయిమే." మీ ఇంట కాఫీ ఎప్పుడూ ఇలాగే ఉండాలి అని. అన్నాను. అందరూ నవ్వారు.

నూనె ఎంత అని చేతులతో అడిగితే, పెద్ద తగరపు డబ్బా నూరు డాలర్లని వేళ్లు చూపించింది. సందులోంచి వెనక్కి తీసేటప్పుడు ఆ కుర్రాళ్లే చెరో పక్క గోడల దగ్గర నిలబడి "యల్లా, యల్లా" అంటూ బయటపడేశారు. క్యాంపుకి తిరిగొచ్చాక చివాట్లు పడ్డాయి, పడాలి కూడా.

నవంబర్ 12: హస్బయా

దంతవైద్య శిబిరానికి డాక్టర్ సాబ్‌ని తీసుకెళ్లాను. హస్బయాలో ఎక్కువమంది ద్రూజ్ మతస్థులు. పెద్దవాళ్లు నల్లని బట్టలు, తెల్లటోపీలు. డాక్టర్ పని చేస్తుంటే డ్రైవర్‌కి పనేముంటుంది, ఎదురింటాయన పిలిచి కూర్చోబెట్టాడు. అక్కడ కాఫీ కాదు, మాతే ఇచ్చారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చే ఆకు. ఒకప్పుడు ఈ ఊళ్లవాళ్లు అర్జెంటీనా దాకా వలసపోయి, తిరిగొస్తూ ఆ అలవాటు తెచ్చుకున్నారు. చిన్న గ్లాసులో ఆకు, అందులో లోహపు గొట్టం, వేడినీళ్లు పోసి ఒకరి తర్వాత ఒకరు అదే గొట్టంతో తాగుతారు. మనిషి మారినప్పుడల్లా గొట్టాన్ని నిమ్మతొక్కతో రుద్దుతారు. ఎంగిలి కదా అని ఒక్క క్షణం ఆగాను. అన్న చెప్పిన రెండో ముక్క గుర్తొచ్చి తాగేశాను. గడ్డి వాసన, కాస్త చేదు, నాలుగోసారి నా వంతు వచ్చేసరికి బాగుందనిపించింది.

దార్లో చెక్‌పోస్టు దగ్గర లెబనాన్ సైనికులు హాజరు వేసుకుంటున్నారు. ఒక్కొక్కరూ "హాదిర్!" అంటున్నారు. హాజరు! బడిలో నేను పలికిన మాట, రోజూ రోల్‌కాల్‌లో వినే మాట. ఆ తర్వాత వెతకడం అలవాటైపోయింది: జవాబు, తారీఖు, ఖబురు. మా ఉస్తాద్‌ని ఉస్తాద్ అని పిలవగానే చెక్‌పోస్టు కుర్రాడు తలెత్తి చూశాడు, వాళ్లకూ ఉందట ఆ మాట, పంతులుగారిని అలా పిలుస్తారట.

నవంబర్ 14: కఫర్ షూబా

పశువుల డాక్టర్ సాబ్‌తో కొండమీదికి. ఆ ఊళ్లలో మన బెటాలియన్ పేరు తుపాకులతో కాదు, ఈ డాక్టర్‌తోనే తెలుసు. బండి ఆగగానే మేకలు చుట్టేశాయి. ఒక కాపరి జబ్బుపడ్డ మేకను కంబళిలో చుట్టి భుజాన వేసుకొచ్చాడు.

పైన వంపు దాటితే నీలిరేఖ. 2000లో ఇజ్రాయెల్ సైన్యం వెనక్కి వెళ్లిందని సరిచూడటానికి యూఎన్ గీసిన గీత, సుమారు 120 కిలోమీటర్లు. దేశ సరిహద్దు కాదు. కొన్నిచోట్ల నీలిరంగు పీపాలు నిలబెట్టారు. ఒక్కో పీపా ఎక్కడ పెట్టాలో ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. పీపాకీ పీపాకీ మధ్య నేల మీద ఏమీ ఉండదు, రాళ్లు, ముళ్లపొదలు. కింద గజర్ అనే ఊరి మధ్యలోంచే ఆ గీత పోతుంది. కాపరి కర్రతో అవతలి వాలు చూపించి ఏదో చెప్పాడు. దుబాసీ తిప్పి చెప్పాడు: "వాళ్ల తాత మేకల్ని అక్కడ మేపేవాడట." అంతే. ఆయన మళ్లీ తన మేక కాళ్లు పట్టుకుని కూర్చున్నాడు, సూది వేసేటప్పుడు కదలకుండా.

నవంబర్ 15: మళ్లీ రొట్టెల దుకాణం

ఐదువందల నోటు ఒకటి తీసుకుని వెళ్లాను. ఇంటికి వెళ్లేసరికి గడువు దాటిపోతుంది. అద్దం కింద పెట్టుకోమని ఇచ్చాను. ముందే చెప్పాను, ఇది ఇప్పుడు చెల్లదు, మా దేశంలో రద్దు చేశారు, విలువ లేదని. స్కూలు నుంచి వచ్చిన మనవడు ఇంగ్లీషులోంచి తిప్పి చెప్పాడు. ముసలాయన పిండిచేతులు తుడుచుకుని కిందున్న సొరుగు లాగాడు. దాన్నిండా కట్టలు, రబ్బరుబ్యాండ్లు కూడా ఎండి తెగిపోయాయి. పాత లీరాలు.

1975లో అంతర్యుద్ధం మొదలు కాకముందు రెండు మూడు లీరాలు పెడితే డాలర్ వచ్చేదట. వాళ్ల నాన్న ఇల్లు కట్టాలని ఈ కట్టలు దాచాడు. 1992కి డాలర్ 2,800 లీరాల దాకా పోయింది. ఇల్లు కట్టాల్సిన డబ్బుతో సంచి పిండి కూడా రాలేదని మనవడు చెప్పాడు, తాత మాత్రం నోట్లను వేళ్లతో సర్దుతూ కూర్చున్నాడు. నేను పోపులడబ్బా సంగతి చెప్పాను. దాన్ని మనవడు ఎలా తిప్పి చెప్పాడో తెలియదు గానీ ముసలాయన తల ఊపి "ఉమ్ స్వాతి" అన్నాడు. స్వాతి వాళ్లమ్మ.

అద్దం ఎత్తి పది నోటు పక్కకు జరిపి, నేపాల్ నోటుకీ ఇండోనేషియా నోటుకీ మధ్య ఐదువందలు పెట్టాడు, గాంధీ గారి ముఖం పైకి కనిపించేలా. పొయ్యిలోంచి మనూషే తీసి కాగితంలో చుట్టి ఇచ్చాడు. 1500 లీరాలు చాపితే నా వేళ్లు మూసేశాడు. ఏడాదిలో ఆయన నా దగ్గర డబ్బు తీసుకోనిది ఆ ఒక్క రోజే.